మా బావ జేబులో ఉప్పుకాగితం

విమానాల గురించి నాకు తెలిసినంత విమానాలకే తెలియదు. తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని గిట్టనివాళ్లు చెప్పుకుంటారు, చెప్పుకోనీండి. చిన్న విమానాలు బాగుచేసే షెడ్డులో పెట్రోలు ట్యాంకరు నడుపుతాను. ఒకసారి గాలివానకు నాలుగు సీట్ల విమానం ఒకటి లేచిపోబోతుంటే తోక పట్టుకుని ఆపాను. విమానం ఆగింది. నన్ను చూసి గాలివాన కూడా ఆగింది. ఇలాంటివి నా దగ్గర బోలెడున్నాయి కానీ ఇది మా బావ సంగతి. ఇందులో ఒక్క ముక్కా కల్పించలేదు. కల్పించి ఉంటే ఇంకా బాగుండేది.

బావంటే మా అక్క మొగుడు. షెడ్డులో విమానాల ఒళ్లు చూసే మెకానిక్కు. ఇంజన్లు వేరేవాళ్ల పని. రెక్కలు, తోక, వాటిని మోసే దూలాలు, రేకులు, రివెట్లు ఈయన వంతు. టార్చిలైటూ పుల్లకు బిగించిన చిన్న అద్దమూ పట్టుకుని రెక్క కింద పడుకున్నాడంటే భోజనానికి కాళ్లు పట్టి బయటికి లాగాల్సిందే. దోమ రెక్కలో రివెట్టు వదులైనా ఆయనకు వినిపిస్తుంది. ఏ పని ముగిసినా ‘మళ్లీ చూద్దాం’ అంటాడు కాబట్టి షెడ్డులో ఆయన పేరే మళ్లీచూద్దాం. ఇంట్లోనూ అంతే. తాళం వేశాక లాగి లాగి ఒకసారి గొళ్లేన్నే చేతికి తెచ్చుకున్నాడు. మా ఇంటికి మొదటిసారి వచ్చిననాడు కుర్చీ వేస్తే కూర్చోకుండా దాన్ని తిరగేసి కాళ్లు ఊపి చూశాడు. ఈయనతో అయితే ఇల్లు కూలదని అక్క అప్పుడే అనుకుందట. ఇల్లు కూలలేదు నిజమే, ఆవిడ ఓపిక మాత్రం రెండు మూడుసార్లు కూలింది.

షెడ్డు యజమానిని పెద్దాయన అంటాం. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. రెక్క విప్పి పని చేసి మూసినవాడు, ఆ విమానం మొదటిసారి పైకి లేచేటప్పుడు అందులో కూర్చోవాలి. కావాలంటే ఇంటి మనిషిని ఒకరిని తెచ్చుకోవచ్చు. మిగతావాళ్లు పెళ్లాల్నీ తమ్ముళ్లనీ తెచ్చి ఊరంతా పైనుంచి చూపించారు. బావ ఇన్నేళ్లలో ఎవర్నీ తేలేదు. అక్క అడిగితే ఎండ అనేవాడు, గాలి అనేవాడు, నీకు కళ్లు తిరుగుతాయి అనేవాడు. బట్టలు కుట్టే మా అక్కకు అది పంటి కింద రాయిలా ఉండేది. మేఘాల్ని చేత్తో పక్కకు నెట్టిన నా అనుభవం ఆవిడకు పదిసార్లు చెప్పి ఆ రాయిని నేనే కొంచెం పెద్దది చేశాను.

ఆ వారం షెడ్డులో ఉన్నది డాక్టరమ్మ విమానం. దారి సరిగా లేని ఊళ్లకు అందులో మందులు నింపుకుని వెళ్తుందావిడ. మర్నాడు పొద్దున్నే బయల్దేరాలి. రెక్క మొదట్లో, దూలం మీద, ఒక రివెట్టు పక్కన వెంట్రుకంత గీత కనబడింది బావకి. గీతా, పగులా? అది తేల్చడానికి పద్ధతుంది. రంగు ఊడదీసి, పల్చటి ఎర్రమందు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లుతారు. పగులుంటే లోపల దాగిన ఎరుపు పొడి మీదికి ఊరుతుంది. బావ అంతా చేశాడు. తెల్లగా మల్లెపువ్వులా ఉంది. ఎరుపు చుక్క లేదు. పెద్దాయన చూసి మూసెయ్యమన్నాడు. మూశాడు.

మూశాక మనిషి మనిషిలా లేడు. ఆ రెక్క దగ్గరికి వెళ్లడం, రేకు మీద చెయ్యి వెయ్యడం, వెనక్కి రావడం. ఏమైంది బావా అంటే, ఏదో మర్చిపోయానురా, ఏమిటో తెలీడం లేదు అన్నాడు. టీ గ్లాసు పట్టుకుని తాగకుండానే కింద పెట్టాడు. ఆ భయం అంటువ్యాధి. ట్యాంకరు మూత నేనూ రెండుసార్లు చూసుకున్నాను, నా చరిత్రలో మొదటిసారి.

ఆ సాయంత్రమే విమానాన్ని పైకి లేపి చూడాలి. పైలటు ఎక్కి కూర్చున్నాడు. అప్పుడు వచ్చింది అక్క, తన టైలరింగు కొట్టుకు తాళం వేసి, తానే కుట్టుకున్న కొత్త బట్టలు కట్టుకుని. ఇవాళ ఎండా లేదు, గాలీ లేదు, కళ్లు తిరిగితే మూసుకుంటాను అంది. పైలటు చెయ్యి ఊపి రమ్మన్నాడు. బావ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఇంకోసారి వద్దువులే అన్నాడు. మాట్లాడుతూనే చెయ్యి వెనక్కి పోయి రెక్క రేకును తడుముతోంది.

అక్క ఆ చేతినే చూసింది.

“నన్ను ఎక్కించడానికి భయమా మీకు?”

బావ తల తిప్పి రెక్క వైపు చూశాడు.

“మరి రేపు ఆ డాక్టరమ్మని ఎట్లా ఎక్కిస్తారండీ? ఆవిడ ఎవరి ఇంటి మనిషీ కాదా?”

చెమటతో తడిసిన ఆయన ముఖం చూసి జాలేసిందో ఏమో, తుడుచుకోమని చేతిరుమాలు కోసం ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. రుమాలుతో పాటు, పెయింటు గీకే ఉప్పుకాగితం ముక్క వచ్చింది.

“ఇదిగో, మళ్లీ జేబులోనే. ఎన్నిసార్లు చెప్పాను, ఉతికిన బట్టలన్నీ నాశనం అవుతున్నాయని?”

బావ ఆ ముక్కను తీసుకుని వేలితో రాశాడు. గరుకు మధ్య వెండిలా మెరిసే దుమ్ము. చూస్తుండగానే ముఖం పాలిపోయింది. మెల్లగా నడిచి పెద్దాయన దగ్గరికి వెళ్లాడు.

“సార్, రంగుని మందుతోనే తీశాను. మూలన కొంచెం మిగిలితే, శుభ్రంగా ఉండాలని దీంతో రుద్దాను. మెత్తటి లోహం సార్, రుద్దితే సాగి పరుచుకుంటుంది. పగులుంటే దాని నోరు నేనే పూడ్చేసి ఉంటాను. ఎర్రమందు లోపలికి పోయి ఉండదు.”

“ఉంటే కదయ్యా. లేకపోతే?”

“మళ్లీ చూద్దాం సార్.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. పైలటు దిగాడు. విమానాన్ని నేను లోపలికి లాగాను. మామూలుగా ఒంటి చేత్తో లాగుతాను, ఆరోజు ట్రాక్టరు కట్టాను. బావ రేకు విప్పి, పైపొరను తినేసే మందు పూసి, కడిగి, ఆరబెట్టి, ఎర్రమందు మళ్లీ పూశాడు. అది ఇంకేదాకా ఆగాలి. ఆగడమే కష్టం. ఎరుపు వస్తే డాక్టరమ్మ ప్రయాణం ఆగిపోతుంది, విమానం ఎన్నాళ్లు పడుంటుందో తెలీదు. రాకపోతే ఇది పిచ్చి ముదరడమేనని షెడ్డంతా అంటుంది. ఆయన దేనికి ఎక్కువ భయపడుతున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. అక్క గోడవారన తిరగేసిన డబ్బా మీద కూర్చుంది. కూర్చునే ముందు డబ్బా ఊపి చూసింది.

తుడిచాడు. తెల్లపొడి చల్లాడు. తెల్లగానే ఉంది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. అప్పుడు రివెట్టు పక్కన ఎర్రటి చుక్క పుట్టింది. చుక్క సాగింది. సగం వేలంత గీతై ఆగింది.

పెద్దాయన టోపీ తీసి, ఫోను చేతికి తీసుకుని డాక్టరమ్మకు చెప్పడానికి బయటికి వెళ్లాడు. బావ కింద కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. పగులు దొరికిందని సంతోషం లేదు. దొరకకుండా తానే మూసేశానని, రుమాలు అడ్డం రాకపోతే అలాగే పంపేసేవాణ్నని అదే పాట. అక్క వచ్చి పక్కన కూర్చుంది, కొత్త బట్టలకు నూనె మరకలు అవుతాయని కూడా చూడలేదు. తర్వాత, పదండి ఇంటికి పోదాం, నేల మీద నడిచి పోదాం అంది.

కొత్త దూలం వచ్చాక డాక్టరమ్మ విమానం పైకి లేచింది. ఆరోజు అక్క ముందు బావ జేబులన్నీ తడిమి చూసింది, ఆ తర్వాతే ఎక్కింది. నాలుగో సీటు ఖాళీగా ఉంది, రమ్మన్నారు. సరిగ్గా అప్పుడే నాకు ట్యాంకరు టైర్లకు గాలి పట్టించే పని పడింది.

దిగాక ఎలా ఉందక్కా అని అడిగాను. ఊళ్లో ఇళ్లన్నీ అగ్గిపెట్టెల్లా ఉన్నాయట. ఆయనకేమైనా చూపించావా అంటే, అక్క పెదవి విరిచింది.

“కిందికి చూడండి అంటే వింటేగా. ఎంతసేపూ ఆ రెక్కనే చూస్తూ కూర్చున్నారు. నా చెయ్యి మాత్రం వదల్లేదులే.”