కన్నాలు పూడ్చిన వీధి

పాడైన సరుకని పేరుపెట్టి సగం ధరకు కొన్నాను. అపురూపమని చెప్పి నాలుగింతలకు అమ్మాను. నరసాపురం లేసు వ్యాపారంలో ఇంతకు మించిన బేరం ఎవరైనా చేసి ఉంటే చూపించండి. ఏళ్లయింది. ఆ గొప్ప దించుకునే చోటు దొరక్క ఇంకా మోస్తూనే ఉన్నాను. మీకైతే చెప్పగలననిపిస్తోంది.

సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్ముకునే సత్తెమ్మ, తీరిక వేళల్లో మా కొట్టుకి లేసు అల్లి ఇచ్చేది. ఒకసారి దారం ముట్టుకోకుండా, చిరిగిన వలలూ రొయ్యల మేత సంచులూ పోగులు తీసి, దుప్పటంత అల్లిక తెచ్చింది. వాళ్ల వీధి అది. ఇంటికో పువ్వు. మధ్యమధ్య కన్నాలు. ఎండలు, ఉప్పెనలు, మారిపోతున్న వాతావరణం మీద పట్నంలో ప్రదర్శన పెట్టేవాళ్లు సరిగ్గా ఇలాంటివే అడిగారు నన్ను. ఎంత ఇస్తామన్నారో ఆమెకు చెప్పలేదు.

లేసులో కన్నముంటే ధర కోస్తాం. అలవాటుగా ఒకదాన్లో వేలు దూర్చాను.

“చిల్లులు కాదండీ బాబుగారూ. సముద్రం పట్టుకుపోయిన ఇళ్లండి. ఈ చివరిది మాదేనండి.”

“లేని ఇంటికీ డబ్బులడుగుతావేంటి, సత్తెమ్మా?”

నవ్వింది. సగానికి ఇచ్చేసింది. “గోడకి తగిలించాక ఒక్క ఫొటో చూపించండి. మా మనవరాలు ఆ వీధి ఎరగదండి” అంది.

కన్నాల సరుకు తిరిగొస్తుందని నాకు భయం. మరొకావిడ చేత ప్రతి కన్నంలోనూ పువ్వు అల్లించి పూడ్పించాను. సత్తెమ్మ చెప్పింది అర్థం కాలేదా? అయింది. అయినా, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ సరుకు తడిమి ధర కట్టిన ఈ చేతికి అక్కడ తగిలింది ఇల్లు కాదు, తరుగు. పట్నంలో ఆ వీధి ఏ లోటూ లేకుండా, నిండుగా వేలాడింది. ఫొటో నాకు పంపారు.

“అక్కడ ఫొటోలు తీయనివ్వరు” అన్నాను ఆమెతో. చాలాసార్లు అన్నాను. మొదట్లో లేసు ఇవ్వడానికి వచ్చినప్పుడు అడిగేది. తర్వాత అడగడానికే పంటెక్కి గోదావరి దాటి వచ్చేది. తర్వాత రావడం మానేసింది.

బేరాల్లేని మధ్యాహ్నాలు కొట్లో ఒక్కణ్ణే కూర్చుని ఫోనులో ఆ ఫొటో చూస్తుంటాను. వాళ్లిల్లు ఏ చివరో నాకే ఆనవాలు దొరకదు.

సరే, లెక్క తేలుద్దాం. ఆమె దగ్గర తీసుకున్నది ఒక వీధి, ఇల్లు పోయిన చోటుతో సహా. ఇచ్చింది సగం ధర, ఒక అబద్ధం. ఇదంతా మీతో చెప్పుకుని కాస్త తేలికపడ్డాను చూశారూ, అది కూడా నా లాభంలోనే రాయండి.