బోయిగూడ మామ, పాత మడత కత్తి

మొన్న సైనిక్‌పురిలో మా వీధి మలుపున కొత్తగా తెరిచిన సెలూన్‌కి వెళ్లాను. అక్కడ క్షవరం చేసే అతను బ్లేడు సగానికి తుంచి ప్లాస్టిక్ పిడిలో బిగించి, నా గడ్డం రెండు నిమిషాల్లో ముగించి, ఆ ముక్కను చెత్తబుట్టలో పడేశాడు. శుభ్రమైన పద్ధతే, కాదనను. నాకు మాత్రం బోయిగూడ మామ గుర్తొచ్చాడు. మామంటే చుట్టరికం కాదు, మా నాన్నకీ నాకూ క్షవరం చేసిన మనిషి. చేయి వణుకుతోందని ఇంట్లోవాళ్లంతా అంటుంటే దుకాణం కొడుక్కి అప్పజెప్పి, మూల బల్ల మీద పేపరు చదువుతూ కూర్చునేవాడు.

రెండేళ్ల కిందట, రిటైరయ్యాక ఏమీ తోచక, పాత సామాన్ల సంతలో గడ్డం గీసే మడత కత్తి ఒకటి కొన్నాను. కొమ్ము పిడి, ఒళ్లంతా తుప్పు. కిరసనాయిలు పోసి రెండు రోజులు రుద్దాను. అక్కడితో ఆగితే బాగుండేది. తెలివి ఎక్కువై, సైకిల్ మీద సాన పట్టే అతనికిచ్చాను. నిప్పురవ్వలు లేస్తుంటే మురిసిపోయాను కూడా. తీరా చూస్తే అంచు రంపంలా తయారైంది. తప్పు చేసినవాడిలా తీసుకెళ్లి మామ ముందు పెట్టాను.

"మటన్ కొట్టే కత్తి అనుకున్నవా అల్లుడా? దీన్ని చక్రం మీద పెడతరా ఎవరన్న? వీపు, అంచు రెండు సుత రాయికి ఆనాలె. జెర ఓపిక ఉండాలె" అని తిట్టి, కత్తి తన దగ్గరే ఉంచుకున్నాడు.

వారం రోజులు నూరి కబురు పెట్టాడు. నూరినవాడే తొలి గడ్డం గీయాలట, అదీ కత్తి తెచ్చినవాడిదేనట. వాళ్ల ఆనవాయితీ అది. నేను కుర్చీలో కూర్చోగానే మామ కొడుకు నా చెవి దగ్గరికి వంగి, "వద్దనుండ్రి సార్, నాయిన చేతిల టీ గ్లాసే నిలుస్తలేదు" అన్నాడు. నిజమే, అప్పుడే సగం టీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. సహజంగా నేను పిరికివాణ్ణి. లేచిపోదామనే అనిపించింది. అద్దంలో మామ నన్నే చూస్తున్నాడు. ఇప్పుడు నేను లేస్తే ఆయన ఇక జన్మలో కత్తి పట్టడు. కళ్లు మూసుకుని మెడ పైకెత్తాను.

ఎడమ బొటనవేలితో చెంప లాగి పట్టాడు. ఆ వేలు వణుకుతూనే ఉంది. కత్తి చర్మానికి ఆనింది. ఆ తర్వాత వణుకు ఎటు పోయిందో తెలియదు. చెవి కింద నుంచి గొంతు దాకా మెత్తగా గరగరమని దిగింది. చివర్లో పటిక రుద్దితే ఎక్కడా చురుక్కుమనలేదు. ఒక్క గాటూ పడలేదు. నేనూ, కొడుకూ ఒకేసారి ఊపిరి వదిలాం. మామ బల్ల మీద కూలబడి, "నీకంటె నాకే ఎక్కువ పరేషానైంది అల్లుడా" అని నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

కత్తి ఆయనకే వదిలేసి, చెంపలు తడుముకుంటూ ఇంటికొచ్చాను. వయసు మన దగ్గరున్నవన్నీ ఒక్కసారే తీసుకుపోదు. తీసుకుపోయిందని ముందే తీర్పు చెప్పేసేది పక్కనున్న మనమే.