బార్లీ దాటని మాస్టారు

మా కాలేజీలో సెబెరియానో ఒవెలార్ మాస్టారికి ఒకటే జబ్బు. ఆయన చెప్పే ప్రపంచ చరిత్ర మెసొపొటేమియా దాటేది కాదు. మార్చిలో తరగతులు మొదలైన రోజు యూఫ్రటీస్ ఒడ్డున బార్లీ విత్తేవారు. నవంబరులో పరీక్షలు నెత్తిమీదికి వచ్చినా ఆ చేను కోతకు వచ్చేది కాదు.

పాఠ్యప్రణాళికలో మాత్రం ప్రపంచ చరిత్ర, పరాగ్వే చరిత్ర రెండూ ఆ ఒక్క ఏడాదిలోనే పూర్తవ్వాలని ఉండేది. రాజధాని అసున్సియోన్ ఎండలకి పైన పంకా మూలుగుతుంటే, మాస్టారు వాక్యానికో గుక్క చల్లటి ఆకు కషాయం తెరెరే పీలుస్తూ, గోడమీద వేలాడే దేశాధినేత పటం కింద నిలబడి కాలువలు తవ్వుతూ ఉండేవారు.

ఏది అడిగినా అక్కడికే లాక్కెళ్ళేవారు. ఆగస్టులో ఒకసారి మా రమీరో ధైర్యంచేసి, ఫ్రెంచి విప్లవం సంగతేమిటని అడిగాడు.

"జనం ఎందుకు తిరగబడ్డారు?" అన్నారు మాస్టారు.

"రొట్టె దొరక్కండి."

"రొట్టె దేనితో చేస్తారు?"

"గింజలతోనండి."

"ఆ గింజలు మొట్టమొదట ఎక్కడ పండించారో చూద్దాం."

రమీరో తల బల్లకి ఆనించేశాడు. తక్కిన ఇరవై ఒక్కమందిమీ అతన్ని చంపేసేలా చూశాం.

ప్రశ్నపత్రం వేరే అధ్యాపకులు తయారుచేసేవారు. నెపోలియన్ పతనానికి కారణాలు రాయమన్నారు ఒక ఏడాది. కాలువల్లో ఉప్పు పేరుకుపోవడం అని రాశాను. నాతోపాటు ఇంకా తొమ్మిదిమంది అదే రాశారు. కాపీ కొట్టామని అనుమానించి విచారణ జరిపి, చివరికి జాలిపడి వదిలేశారు. ఫెయిల్ మాత్రం అందర్నీ చేశారు. నేను ఆ తరగతిలో రెండేళ్ళు చదివాను.

నాకది నవ్వులాట కాదు. మా అనస్తాసియో మామయ్య ఊళ్ళో రైతుల్ని కూడగట్టి, ఈ భూములన్నీ ఎవరి పేరుమీదకి పోయాయని అడిగినందుకు ఆయన్ని పోలీసులు పట్టుకెళ్ళారు. అమ్మ ప్రతి ఆదివారం ఆయన చొక్కా ఇస్త్రీచేసి స్టేషను గుమ్మం దాకా తీసుకెళ్ళేది. అలాంటి మనిషెవరూ లేరని చెబితే మళ్ళీ మడతపెట్టి తెచ్చేది. మా ఇంట్లో ఎవరికీ తెలియని ఆ జవాబు చరిత్రలో దొరుకుతుందనుకుని నేను చరిత్ర తీసుకున్నాను. దొరికింది బార్లీ.

రెండో ఏడు సెప్టెంబరులో నాకు ఓపిక నశించింది. లేచి నిలబడ్డాను. "మాస్టారూ, సుమేరియా పొలాలు ఎవరివో చాలా చెప్పారు. మన కాగ్వాసు ప్రాంతంలో రైతుల పొలాలు సైన్యాధికారుల చేతికి ఎలా వెళ్ళాయో..."

వాక్యం పూర్తి కానివ్వలేదు. అంతవరకు ఎవరిమీదా గొంతు పెంచని మనిషి బల్ల గుద్ది, తెరెరే ఒలకబోసి, కాలువ గట్టు ఎత్తుకీ వెడల్పుకీ తేడా తెలియని మొద్దుకి ప్రశ్నలెందుకని అరిచారు. ఆ అరుపు గంటసేపు ఆగలేదు. తర్వాత నాకు సున్నా వేసి, నెలరోజులు తరగతికి రాకుండా గ్రంథాలయంలో కూర్చుని సుమేరియా కాలువలన్నీ పటం గీయమన్నారు. ఏడుస్తూ గీశాను. ఆయన్ని పిరికిపంద అనుకున్నాను. కిందా మీదా పడి డిగ్రీ చేతికొచ్చాక ఆయన ముఖం చూడలేదు.

ఏళ్ళు గడిచి, గోడమీది పటంలోని ఆ నియంత పాలన కూలింది. కొన్నాళ్ళకి పోలీసులు దాచిన కాగితాలు గుట్టలుగా బయటపడ్డాయి. అప్పటికి నేనూ చరిత్ర పాఠాలు చెబుతున్నాను. మామయ్య కోసం వెతికాను. ఆయన పేరు, పట్టుకెళ్ళిన తేదీ ఉన్నాయి. ఆ కింద ఏమీ లేదు. ఆ ఖాళీ కాగితాన్ని ఎంతసేపు చూశానో చెప్పలేను. అమ్మకి ఏం చెప్పాలో ఈనాటికీ తెలియలేదు.

మా ఇంటిపేరు మీద ఇంకో కట్ట ఉంటే విప్పాను. మా తరగతి గురించి పోలీసులకి చేరిన నివేదికలు. రాసింది ముందు బెంచీ ఫిదెన్సియో. వాడి నోట్సే కదా మేమందరం పరీక్షలకి అడుక్కునేవాళ్ళం. సోమవారం: బార్లీ. బుధవారం: బార్లీ. శుక్రవారం: ఈరోజు కూడా బార్లీ, దయచేసి నన్ను వైద్య కళాశాలకి మార్చవలసిందిగా మనవి.

నేను లేచిన రోజుది కూడా ఉంది. విద్యార్థిని ఏదో అడిగింది, ప్రొఫెసరు అరుపుల్లో సరిగ్గా వినపడలేదు, బహుశా కాలువల గురించి.

ఆ కిందే మాస్టారి చేతిరాతలో ఒక ఉత్తరం. నా గురించి ఆరా తీసిన అధికారికి జవాబు. ఈ అమ్మాయికి బుర్ర బొత్తిగా తక్కువ, ప్రమాదకరమైన ఆలోచన పుట్టేంత సరుకు లేదు, పుట్టినా దాన్ని ముగింపు దాకా నడపలేదు అని రాసి, రుజువుగా నా నెపోలియన్ జవాబు జతచేశారు. పైన ఎర్ర సిరాతో 'విచారణ ముగిసింది' అని ముద్ర.

మరునాడే ఆయన ఇంటికి వెళ్ళాను. బాగా వంగిపోయారు. వాకిట్లో కుర్చీ వేసుకుని చీపా రొట్టె తింటున్నారు. ఉత్తరం నకలు చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"చేతిరాత నాదే," అన్నారు.

"మాకు ముందే చెప్పి ఉండొచ్చుగా, మాస్టారూ."

"ఇరవై రెండుమందిలో పోలీసులకి రాసేవాడెవడో నాకేం తెలుసమ్మా? పాఠం మన కాలం దాకా వస్తే మీలో ఎవరో ఒకరు నోరు విప్పుతారు. అందుకే రాలేదు."

మామయ్య కాగితం సంగతి చెప్పాను. ఆయన నా చేయి పట్టుకుని అలాగే కూర్చున్నారు. తర్వాత మెల్లగా, "ఒక్కటే బాధ నాకు," అన్నారు. "నీ గురించి రాసింది నమ్మరేమోనని ఇంకో మూడు పేజీల ఆధారాలు సిద్ధం చేసుకున్నాను. అడగలేదు. అరగంటలో నమ్మేశారు."

నేను ప్రాణాలతో ఉన్నది అందువల్లేనని తెలుసు. ఆయనకి జన్మంతా రుణపడి ఉంటాననీ తెలుసు. కానీ ఆ అరగంట మాట తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ కాస్త ఒళ్ళు మండుతుంది.