నర్సింలు చెప్పని తూటా

నర్సింలుకు తుపాకీ కాల్చడం రాదు. అల్ ఖోబర్‌లో వేట సామాన్ల దుకాణంలో ఇరవై రెండేళ్లు పనిచేసి కూడా ఒక్కసారైనా ట్రిగ్గర్ మీద వేలు పెట్టలేదు. అయినా ఏ జంతువుకు ఏ తూటా వాడాలో అతన్ని అడిగి మరీ కొనుక్కుపోయేవాళ్లు ఆ ఊళ్లో చాలామంది ఉండేవారు.

అతనిది ఖానాపూర్ దగ్గర అడవి అంచున ఉన్న పల్లె. తండ్రి అడవి వాచరు. దొంగచాటుగా వేటాడేవాళ్లు కాల్చిన దుప్పి ఒక్కోసారి చావకుండా గాయంతో పారిపోయేది. తండ్రి నెత్తుటి మరకలు చూసుకుంటూ దాన్ని వెతుక్కుంటూ వెళ్లేవాడు. ఒకసారి రెండు రోజులు తిరిగాక వాగు ఒడ్డున దొరికింది. పొట్టలో రంధ్రం, చుట్టూ ఈగలు, ఇంకా కళ్లు తెరిచే ఉంది. తండ్రి పక్కన నిలబడి నర్సింలు చూసిన ఆ చూపు అతన్ని వదల్లేదు.

పంతొమ్మిది వందల తొంభై ఆరులో సౌదీ వచ్చాడు. అక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు ఇఖామాలో అతని ఉద్యోగం 'ఆమిల్' అని ఉండేది, అంటే కూలి. పెట్టెలు దించడం, నేల తుడవడం. దుకాణంలో తుపాకులు బాగుచేసే సిరియా ముసలాయన అతని కుతూహలం చూసి ఒక్కొక్కటే నేర్పాడు. కొన్ని తూటాలకు మొన దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది. ఒంట్లో దిగగానే అది విచ్చుకుంటుంది, జింక నిలబడ్డచోటే కూలిపోతుంది. కొన్నింటికి మొన దాకా రాగి తొడుగు ఉంటుంది. అవి విచ్చుకోవు. ఇటు దిగి అటు దూసుకుపోతాయి. కాగితం మీద గురి నేర్చుకోవడానికి అవి చాలు. జింక మీద వాడితే జింక గాయంతో పరిగెడుతుంది, తూటా వెనక ఉన్నదాన్ని పట్టుకుంటుంది. నర్సింలుకు వాగు ఒడ్డు దుప్పి గుర్తొచ్చింది. అతనికి ఎవరూ రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది.

ముసలాయన తన దేశం వెళ్లిపోయాక, తెలియకుండానే ఆ చోటు నర్సింలుదయింది. ఎవరు తూటాలు అడిగినా వచ్చీరాని అరబ్బీలో ముందు రెండు ప్రశ్నలు వేసేవాడు. ఎంత దూరం నుంచి కాలుస్తారు? జింక వెనకాల ఏముంటుంది, గుట్టా, ఖాళీయా? ఆ తర్వాతే పెట్టె తీసేవాడు. పెట్టె మారిస్తే గురి కూడా మారుతుందని, ముందు నాలుగైదు కాగితం మీద కాల్చి చూసుకోమని చెప్పి పంపేవాడు.

అలా అడిగి కొనేవాళ్లలో అబూ నాసర్ ఒకడు. డెబ్బై దాటిన మనిషి. ఊరికి మూడు గంటల దూరంలో కంచె వేసిన పెద్ద పొలంలో జింకల మందను పెంచేవాడు. ఏటా చలికాలంలో అనుమతి తీసుకుని ముసలి మగవాటిని కొన్నింటిని తనే కాల్చేవాడు. చూపు మందగించాక పెట్టె మీద అక్షరాలు చదవడం మానేశాడు. "నువ్వు ఇచ్చిందే నాది" అని చెయ్యి చాపేవాడు. ఆ పొలంలో జింకలకు మేత వేసే జమాలుద్దీన్ కోరుట్లవాడు. యజమాని వెంట దుకాణానికి వచ్చినప్పుడల్లా నర్సింలుతో తెలుగులో కడుపునిండా మాట్లాడేవాడు. ఆరేడేళ్లలో ఇద్దరూ అన్నదమ్ముల్లా అయిపోయారు.

తర్వాత నితాఖత్ వచ్చింది, ప్రతి దుకాణంలో ఇంతమంది సౌదీవాళ్లు ఉండి తీరాలన్న చట్టం. సౌదీవాళ్లు తక్కువగా ఉన్న దుకాణాలను ఎర్ర వరసలో వేశారు. ఎర్ర వరసలో ఉంటే పనివాళ్ల ఇఖామాలకు గడువు పొడిగించరు. నర్సింలు వీసాకు పూచీ ఉన్న కఫీల్, దుకాణం యజమాని అబూ మాజిద్ చెడ్డవాడు కాదు, భయస్థుడు. తన బావమరిది ఫహద్‌ను తెచ్చి కౌంటర్‌లో కూర్చోబెట్టాడు. ఫహద్‌కు నలభై ఐదేళ్లుంటాయి, అంతకుముందు టాక్సీ నడిపేవాడు. మర్యాదస్థుడే కానీ తూటాల సంగతి ఏమీ తెలియదు.

"ఇక నువ్వు ముందు గదిలోకి రాకు" అన్నాడు అబూ మాజిద్. "కస్టమర్‌తో మాట్లాడకు. తనిఖీవాళ్లు నిన్ను కౌంటర్ దగ్గర చూస్తే నా దుకాణం పోతుంది, నువ్వు తర్హీల్‌కి పోతావు."

తర్హీల్ అంటే దేశం నుంచి పంపేసే ముందు జనాన్ని ఉంచే చోటు. ఆ చలికాలం ఊరంతా అదే మాట. రాత్రికి రాత్రి గదులు ఖాళీ చేసి పోయినవాళ్లు నర్సింలుకు తెలుసు. అతని ఇఖామా గడువు అప్పటికే తీరిపోయి రెండు నెలలు. కొత్తది వస్తుందని కఫీల్ మాట ఇచ్చాడు. నర్సింలు గోదాంలో, సగం తెరిచిన తలుపు వెనక, పెట్టెలు సర్దుకుంటూ ఉండిపోయాడు.

రెండు వేల పద్నాలుగు జనవరిలో, ఒక మంగళవారం మధ్యాహ్నం, అబూ నాసర్ గొంతు వినిపించింది.

"నర్సిం ఎక్కడ?"

"ఊరికి వెళ్లాడు, సెలవు మీద" అన్నాడు ఫహద్. అలా చెప్పమని బావే నేర్పాడు.

"అయ్యో. నాకు జింకల తూటాలు కావాలి. ఎప్పుడూ తనే ఇచ్చేవాడు."

నర్సింలు తలుపు సందులోంచి చూశాడు. ఫహద్ చెయ్యి సీసం మొనవి ఉండే పైఅరకు వెళ్లలేదు. అందుబాటులో ఉన్న కింది అరలోంచి, నిండా రాగి తొడుగువి, ఒక పెట్టె తీశాడు. "ఇవి చాలా బలమైనవి" అన్నాడు. "ఎంత దూరమైనా పోతాయి." ముసలాయన పెట్టెను కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, తల ఊపి సంచిలో వేసుకున్నాడు.

రెండడుగులు వేస్తే కౌంటర్. ఒక్క మాట చాలు. కానీ దుకాణంలో కుర్చీ మీద ఇంకో మనిషి కూర్చుని ఉన్నాడు. తెల్లని పొడవాటి థోబ్ అంగీ, ఒళ్లో ఫైలు. తనిఖీవాడేనని నర్సింలు అనుకున్నాడు. అడుగు పడలేదు. అబూ నాసర్ వెళ్లాక ఆ మనిషి లేచి రెండు టార్చిలైటు బ్యాటరీలు కొనుక్కుని పోయాడు.

అప్పుడు నర్సింలు వెనక గుమ్మంలోంచి బయటికి పరిగెత్తాడు. కారు ఇంకా వెనక్కి తిప్పుతూ ఉంది. చెయ్యెత్తితే కనిపించేంత దూరం. ఎత్తలేదు. సెలవు మీద ఊరికి వెళ్లాడని చెప్పిన మనిషి ఎదురుగా నిలబడితే కఫీల్ పరువేం కావాలి, తన ఇఖామా ఏం కావాలి అనుకున్నాడు. కారు రోడ్డెక్కింది.

గురువారం సాయంత్రం జమాలుద్దీన్ ఫోన్ చేశాడు.

"నర్సింలన్నా, మా పెద్దపిల్ల ఇంటర్ హాఫ్ ఇయర్లీల ఫస్టొచ్చిందే! కాలేజంతటికి ఫస్టు."

"అరె, మంచి ముచ్చట చెప్పినవ్ భాయ్."

"రేపు పొద్దుగాల్ల మా ముసలాయన జింకల్ని కొడ్తడట. గవన్నిటినీ ఒక దిక్కు తోలాలె. మల్ల ఐతారం మాట్లాడ్త."

నర్సింలు నోటిదాకా వచ్చింది. ఆ తూటాలు కొట్టొద్దని చెప్పు, వాపసు పంపు, అనాలి. కానీ అంటే జమాలుద్దీన్ యజమానికి చెప్తాడు, యజమాని అబూ మాజిద్‌కి ఫోన్ చేస్తాడు, నర్సింలు ఇక్కడే ఉన్నాడు కదా అంటాడు.

"పైలం భాయ్" అన్నాడు. "దూరం ఉండు."

"ఇన్నేండ్ల సంది చేస్తున్న పనేనాయె" అని నవ్వి జమాలుద్దీన్ ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున అబూ నాసర్ కాల్చిన తూటా జింకను దాటి పోయింది. దాని వెనక పొదల దిబ్బ. దిబ్బకు అవతల, తప్పిపోయిన ఒక పిల్లజింకను మందలోకి తోలుకొస్తూ జమాలుద్దీన్ ఉన్నాడు. అతను అక్కడ ఉండకూడదు. ఉన్నాడు. తూటా ఎడమ మోకాలిని పగలగొట్టింది. జింక గాయంతో పరిగెత్తి, రెండు రోజుల తర్వాత కంచె దగ్గర చచ్చి దొరికింది.

సీసం మొన తూటా అయినా ఒక్కోసారి దాటిపోతుంది. అది నర్సింలుకు తెలుసు. ఆ ఒక్కోసారి అన్న మాటను ఎన్నాళ్లో పట్టుకుని వేలాడాడు. ఎంత పట్టుకున్నా అది అతన్ని మోయలేదు.

నర్సింలు ఆసుపత్రికి వెళ్లేసరికి జమాలుద్దీన్‌కు మోకాలి పైదాకా కాలు తీసేశారు. అబూ నాసర్ మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు, మూడు రోజులుగా ఇంటికి పోలేదట. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. నర్సింలును చూసి లేచి కౌగిలించుకున్నాడు.

"ఊరినుంచి ఎప్పుడొచ్చావు?"

"నిన్ననే" అన్నాడు నర్సింలు.

"నువ్వు ఉండి ఉంటే..." అని ముసలాయన ఏదో అనబోయి ఆపేశాడు. జమాలుద్దీన్ పడుకునే చెయ్యి చాపి నర్సింలు వేళ్లు పట్టుకున్నాడు. "నసీబన్నా" అన్నాడు. "అల్లా గింతే రాసిండు. పానం మిగిలింది, సాలు."

అబూ నాసర్ అతనికి చేయగలిగినదంతా చేసి ఇంటికి పంపాడు. ఆ ఏడాది నుంచి తుపాకీ ముట్టలేదు. నర్సింలు ఇఖామా వచ్చింది. దుకాణం పచ్చ వరసలోకి వెళ్లింది. ఫహద్ మెల్లగా పని నేర్చుకున్నాడు, నేర్పింది నర్సింలే. గోదాంలో పెట్టెలు ముందేసుకుని, ఏది దేనికో, ఏం అడిగి ఇవ్వాలో, విసుగు లేకుండా నెలల తరబడి చెప్పాడు. ఆ మంగళవారం గురించి మాత్రం ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

తర్వాత విదేశీ పనివాళ్లకు తలకింత అని యజమాని కట్టే లెవీ పెరిగింది. అబూ మాజిద్ మోయలేనన్నాడు. రెండు వేల పద్దెనిమిదిలో నర్సింలు ఉద్యోగం వదిలి, ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి వచ్చేశాడు. వచ్చిన పదో రోజు భార్య లస్మవ్వకు జరిగిందంతా చెప్పాడు.

"పోయి ఆయనకు చెప్పు" అంది. "నాకు చెప్తే ఏమొస్తది?"

కోరుట్లలో జమాలుద్దీన్ ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకున్నాడు. ఒక్క కాలితో తొక్కుతున్నాడు. నర్సింలును చూసి మొహం వెలిగిపోయింది. "అమీరున్నీసా! ఎవలొచ్చిన్రో సూడు" అని కేకేశాడు. అతని భార్య చాయ్ తెచ్చింది. పెద్దమ్మాయి నర్సింగ్ చదువు పూర్తిచేసిందని, కరీంనగర్‌లో పనిచేస్తోందని చెప్పింది. చాయ్ చల్లారిపోయేదాకా నర్సింలు గ్లాసు పట్టుకునే ఉన్నాడు. తర్వాత చెప్పాడు. తలుపు సందు, రాగి తూటాలు, కారు, గురువారం ఫోను. ఏదీ దాచలేదు.

జమాలుద్దీన్ మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"నువ్వు చెప్తే ముసలాయన ఇనేటోడా?"

"ఇనేటోడు. నా మాట ఎన్నడూ కాదనలే."

"నాకు ఫోన్ల చెప్తే నేను ఆపుదును."

"అవ్ భాయ్."

వీధిలో ఎవరో కూరగాయలు అమ్ముకుంటూ పోయారు. జమాలుద్దీన్ సూది కింది గుడ్డను తీసి మడతపెట్టాడు.

"ఇన్నేండ్లు అల్లా రాసిండనుకున్న" అన్నాడు. గొంతులో కోపం లేదు. "అట్లనుకునే నిద్ర పోయిన, అట్లనుకునే ఈ మిషిని తొక్కిన. ఇప్పుడు నువ్వొచ్చి, కాదు, మనిషి చేసిండు అని చెప్తివి. నీ బరువు దిగిందేమో అన్నా. ఇగ నేనేం అనుకొని పండాలె?"

మాఫ్ చెయ్యమని అడగడానికి వచ్చిన నర్సింలు ఆ మాటే ఎత్తలేకపోయాడు. లేచి నిలబడ్డాడు. జమాలుద్దీన్ అతన్ని కూర్చోమనలేదు. అమీరున్నీసా గుమ్మం దాకా వచ్చి, "ఎండ బాగున్నది, రుమాలు కట్టుకో అన్నా" అని మాత్రం అంది.

నర్సింలు ఇప్పుడు ఊళ్లో మేకలు కాస్తున్నాడు. ప్రతి రంజాన్‌కూ జమాలుద్దీన్ నంబరు తీసి చూస్తాడు, చెయ్యడు. అటునుంచీ ఫోను రాలేదు. జగిత్యాలలో పని పడితే కోరుట్ల మీదుగా పోయే బస్సు ఎక్కడు. చుట్టు తిరిగిపోయే ఇంకో బస్సు కోసం ఎంతసేపైనా నిలబడతాడు.