పచ్చిపాల డబ్బా

పెద్దవంగర నుంచి జనగామ వచ్చే బస్సులో పక్క సీటు ఆవిడకు నేను మొదటి నుంచీ గిట్టలేదు. నా ఐసు డబ్బా ఆమె కాళ్లకు తగులుతోంది.

"గీ డబ్బల ఏముంది?"

"పచ్చిపాలు అక్కా. పోయినసారి మీ ఊళ్లో ఒక ఇంటి పాలలో ఒక బ్యాక్టీరియా దొరికింది, చెడ్డ క్రిములను చంపేది. జన్యుపరీక్షలో దాని పేరు కూడా తేలింది. అందుకే ఆ ఇంటి పాలే మళ్లీ మా ల్యాబుకు తీసుకెళ్తున్నాను."

"పచ్చిపాలు ఇంట్లకెల్లి ఏం ఎయ్యకుంట ఎవ్వలిస్తరు?" అంటూ విసురుగా తన పాల క్యాను మూత తీసింది. పాల మీద ఎండుమిరపకాయ తేలుతోంది. "దిష్టి తగలకుంట గిది ఏసినంకనే గడప దాటిస్తం. దీని తొడిమ ఏస్తె పాలు తోడుకుంటయి. నీకు దొరికిన పురుగు పాలదో మిరపకాయదో ఎర్కేనా?"

"నాకు పాఠాలు చెప్పొద్దు," అన్నాను కోపంగా.

"చెప్తె ఇనే మొకమేనా నీది?" అని కిటికీ వైపు తిరిగింది. 

ల్యాబులో ఐసు డబ్బాలోంచి పాల గాజుగొట్టం తీసి వెలుతురుకు పట్టి చూశాను. అడుగున ఒక మిరపగింజ ఉంది. తీసి పారేశాను.

నా సిద్ధాంత గ్రంథం అట్ట మీద ఇప్పటికీ 'పచ్చిపాల నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా' అనే ఉంది.