ఆగని బస్సు, ఎక్కిన కౌన్సిలరు

మా కాలనీ ఊరి చివర, గుంటూరు వెళ్లే రోడ్డు పక్కన ఉంటుంది. మేం ఇల్లు కట్టుకున్న కొత్తలో ఇక్కడ పత్తి చేలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు పత్తి చేలు తప్ప అన్నీ ఉన్నాయి. కల్యాణమండపాలు, టైల్స్ షోరూములు, ప్రతి కరెంటు స్తంభానికీ ఎవరో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. ఒక్కోసారి ఈ ఊళ్లో నాయకులు తప్ప మామూలు మనుషులెవరూ పుట్టలేదేమో అనిపిస్తుంది.

బడిపంతులమ్మగా రిటైరైన తర్వాత నేను భుజం నొప్పికి వ్యాయామం చేయించుకోవడానికి గుంటూరు వెళ్లివస్తున్నాను. పొద్దున్నే నాతోపాటు మా స్టాపులో నిలబడేది మిరపకాయల కూలీలు. మా కాలనీ వెనక వీధిలో ఉంటారు. దారిలో ఉన్న కోల్డ్ స్టోరేజీల దగ్గర దిగి, సాయంత్రం దాకా కాయలకు తొడిమలు తీస్తారు. వాళ్లకు మేస్త్రి ఒకామె ఉంది. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతుతోనే సోమవారం ఆటోవాళ్లను తిడుతుంది. రెండూ అంతే శ్రద్ధగా చేస్తుంది.

ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు. మేమంతా సంతోషించాం. ఆ మర్నాటి నుంచే బస్సులు మా దగ్గర ఆగడం మానేశాయి. దూరం నుంచి చీరలు కనబడగానే డ్రైవరు రోడ్డుకు అవతలివైపున్న కల్యాణమండపాన్ని శ్రద్ధగా చూసుకుంటూ వెళ్లిపోయేవాడు.

దీనికి మేస్త్రి ఒక ఉపాయం కనిపెట్టింది. మా పక్కింట్లో జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆమె వెళ్లి ఆయన్ను బతిమాలింది.

"బాబాయిగారూ, మీరు సంచీ పట్టుకుని ముందు నిలబడండి చాలు. మగమనిషి కనబడితే ఆగుద్ది. మేం ఎక్కేస్తాం, మీరు ఇంటికెళ్లి కాఫీ తాగండి."

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చారు. బస్సు ఆగింది. మేమంతా ఎక్కాం. ఆయన వెనక్కి తగ్గి, మాకు చెయ్యి ఊపారు. డ్రైవరు తల బయటపెట్టి ఆయన్ను ఏమేం అన్నాడో ఇక్కడ రాయను. పెద్దాయన మాత్రం ఎన్నో ఏళ్లకు తన అవసరం ఎవరికో పడిందని తెగ మురిసిపోయారు. కొద్ది రోజులకే ఆయన ముఖం డ్రైవర్లందరికీ గుర్తయిపోయింది. తర్వాత నుంచి ఆయన్ను చూస్తే ఇంకా స్పీడు పెంచేవాళ్లు.

ఇక లాభం లేదని నేనూ మేస్త్రీ కలిసి వార్డు కౌన్సిలరు గారి దగ్గరకు వెళ్లాం. ఆయన మా కళ్లముందు పైకొచ్చిన మనిషి. ఒకప్పుడు పురుగుమందుల కొట్టు నడిపేవారు. మెడలో కండువా రంగు రెండుసార్లు మారింది గానీ, కండువా వేసుకునే పద్ధతి మాత్రం మారలేదు. కుర్చీలు వేయించి కూర్చోబెట్టారు.

"బస్సు ఆగడం లేదండీ" అన్నాను.

"ఎండలో నిలబడలేకపోతున్నారు, అంతేనా మేడం?"

"ఎండ సంగతి కాదండీ. బస్సు ఆగడం లేదు."

"అర్థమైంది మేడం. మంచి షెల్టరు వేయిద్దాం."

మేస్త్రి అందుకుంది. "నీడ కాదు బాబుగారూ, బస్సు కావాలి మాకు!"

"ముందు షెల్టరు రానీ అమ్మా. షెల్టరు చూస్తే బస్సు అదే ఆగుద్ది" అన్నారాయన, ఎంతో అనుభవం ఉన్నవాడిలా.

షెల్టరు వచ్చింది. స్టీలు బెంచీ, రేకుల కప్పు, వెనక గోడంతా కౌన్సిలరు గారి నిలువెత్తు ఫొటో. రోడ్డుమీదకు ఆయన రెండు చేతులూ జోడించి నవ్వుతూ ఉంటారు. మా స్టాపు పేరు మాత్రం కింద మూలన, చెప్పు సైజులో రాశారు.

ప్రారంభోత్సవానికి పొద్దున్నే, కూలీలు పనికి వెళ్లే వేళకే ముహూర్తం పెట్టారు. జనం ఉచితంగా దొరుకుతారు కదా. రిబ్బను కట్ చేశారు. కౌన్సిలరు గారు మైకు తీసుకుని, ఈ వార్డు అక్కచెల్లెమ్మల కష్టం చూసి తనకు నిద్ర పట్టలేదన్నారు. ఆయన ఆ మాట అంటుండగానే బస్సు వచ్చింది. ఆయన మైకు పట్టుకున్న చేత్తోనే ఆపమని సైగ చేశారు. బస్సు ఆగలేదు. రేగిన దుమ్ము అప్పుడే ఆయనకు కప్పిన శాలువా మీద పడింది.

వెంట ఉన్న మనుషులకు పౌరుషం వచ్చింది. తర్వాతి బస్సుకు రోడ్డుకు అడ్డంగా మోటారు సైకిళ్లు పెట్టారు. ఆ బస్సు ఆగక తప్పలేదు. "అన్నా, ఒకసారి ఎక్కండి, వీడియో తీద్దాం. పది అడుగులు పోయాక దిగుదురుగాని" అన్నాడు ఫోను పట్టుకున్న అనుచరుడు. కౌన్సిలరు గారు ఎక్కారు. ఆయన వెనకే మేం ఎక్కాం, అందరం, గంపలతో, క్యారియర్లతో. ఇక ఆయనకూ తలుపుకూ మధ్య మిరపకాయల కూలీల దండు నిలబడిపోయింది.

బస్సు కదిలింది. పది అడుగులు దాటింది.

"ఆపవయ్యా, దిగాలి" అన్నారు కౌన్సిలరు గారు.

"ఇక్కడ స్టాపు లేదండి" అన్నాడు డ్రైవరు, వెనక్కి తిరగకుండా.

ఇన్నాళ్లూ ఆ డ్రైవరును చూస్తే ఒళ్లు మండేది నాకు. ఆ క్షణంలో మాత్రం ఇంటికి పిలిచి అన్నం పెట్టాలనిపించింది.

కండక్టరు జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చి, "సార్, టికెట్" అన్నాడు. ఆయన జేబులు తడుముకున్నారు. పర్సు కారులో ఉంది. కారు వెనకాల హారను కొట్టుకుంటూ వస్తోంది. మేస్త్రి రవికలోంచి చిన్న సంచీ తీసి, ఆయన టికెట్‌కు తనే డబ్బులిచ్చింది.

"ఫరవాలేదు బాబూ, మాకెట్టాగూ ఫ్రీయేగా" అంది. బస్సంతా గొల్లుమంది.

దార్లో వాళ్లు ఆయనకు చాలా చెప్పారు. కాల్వ పూడిక గురించి, దీపం లేని వీధి గురించి, మిరప ఘాటుకు పగిలిన చేతుల గురించి. ఒకామె నిజంగానే చేతులు ఆయన ముఖం ముందు పెట్టి చూపించింది. ఆయనకు వరుసగా తుమ్ములు వచ్చాయి. కోల్డ్ స్టోరేజీ దగ్గర అందరితోపాటు దిగి, కారెక్కే ముందు మేస్త్రి వైపు ఒక చూపు చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఎవరో బస్సులో తీసిన వీడియో సాయంత్రానికి ఊరంతా తిరిగింది. ఆయన ఏమీ తక్కువవాడు కాదు. రెండో రోజుకల్లా అదే వీడియోలోంచి ఒక బొమ్మ తీసి, "ప్రజల మధ్య మన నాయకుడు" అని ఫ్లెక్సీ వేయించారు. కానీ ఆ వారం మేస్త్రి వాళ్ల వీధికి నీళ్ల ట్యాంకరు రాలేదు. అడిగితే ట్యాంకర్లు నింపే మోటారు పాడైందన్నారు. మా కాలనీకి మాత్రం అదే మోటారుతో నీళ్లు వచ్చాయి.

మూడు రోజులు చూసి, మేస్త్రి తన వీధి ఆడవాళ్లందరినీ తీసుకొచ్చి ఖాళీ బిందెలతో షెల్టరులో కూర్చోబెట్టింది. నేనూ వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. మా తలల పైన కౌన్సిలరు గారు చేతులు జోడించి నవ్వుతున్నారు. దారినపోయేవాళ్లు ఆగి ఫొటోలు తీసుకున్నారు. విచిత్రం ఏమిటంటే, గొడవేమిటో చూద్దామని ఆ రోజు ప్రతి బస్సూ ఆగింది.

"ఎక్కం పోవయ్యా, ఇయ్యాల మాకు పనుంది" అని మేస్త్రి ఒక్కొక్క డ్రైవరుకూ చెప్పి పంపించింది.

మధ్యాహ్నం నాకు కౌన్సిలరు గారి ఫోను వచ్చింది.

"మేడం, చదువుకున్నవాళ్లు, మీరు కూడా వాళ్లతో పాటు రోడ్డుమీద కూర్చుంటే ఏం బాగుంటుంది?"

"రోడ్డుమీద కాదండీ, మీరు కట్టించిన షెల్టరులో. చాలా చల్లగా ఉంది" అన్నాను.

"పెద్దవారు, మీకు నేనేం చెప్పగలను" అని ఫోను పెట్టేశారు. మూడున్నరకల్లా మోటారు బాగైపోయింది. ట్యాంకరు వెళ్లి ఆ వీధి మధ్యలో నిలబడింది.

ఇప్పుడు బస్సులు సగం ఆగుతాయి, సగం ఆగవు. ఆగనప్పుడు షేరు ఆటోలో పదిమందిమి కుక్కుకుని పోతున్నాం. మళ్లీ ఎన్నికలొస్తున్నాయని అంటున్నారు. మొన్న ఆటోలో నా ఒళ్లో క్యారియరు పెట్టి కూర్చున్న మేస్త్రిని, "నువ్వే నిలబడరాదూ?" అని అడిగాను.

"నేనా? ఇప్పుడు కూర్చోడానికే చోటు లేదు టీచరమ్మగారూ" అంటూ ఆమె పగలబడి నవ్వి, కాస్త జరగమని నన్ను మోచేత్తో పొడిచింది.