నాలుగో దెబ్బ తర్వాత

దయ్యాలను నమ్మేవాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది. ఎవరైనా అలాంటి సంగతి మొదలుపెడితే, ఏ కరెంటు తీగో, ఏ కుక్కో అయ్యుంటుందని మధ్యలోనే నోరు మూయించేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్నదానికి మాత్రం అలాంటి కారణమేదీ నాకు దొరకలేదు. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఉంది. అసలు అదే ముందు చెప్పాలి.

మాది చిట్యాల దగ్గర నేతపనివాళ్ళ ఊరు. నేను మగ్గం వదిలేసి నల్లగొండలో ఒక ఆఫీసులో చేరాను. నా స్నేహితుడు యాదగిరి వదల్లేదు. పగలంతా ఇక్కత్ చీరలు నేసి, సాయంత్రం గిటార్ పట్టుకునేవాడు. మేమిద్దరం, డ్రమ్ములకు ఇంకొకడు, కలిసి ఒక బ్యాండ్ పెట్టుకున్నాం.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు బెంగళూరు బ్యాండ్ ఒకటి మాతో కలిసి రికార్డు వేస్తామంది. పాతకాలపు గ్రామఫోన్ రికార్డు లాంటిదే, ఏడంగుళాలది. ఒక వైపు వాళ్ళ పాట, రెండో వైపు మాది. రెండు వందల కాపీలే, ఒక్కోదాని మీద చేత్తో నంబరు. మాకు అంతకంటే పెద్ద సంగతి అప్పటిదాకా జరగలేదు.

పాట వరస యాదగిరిదే. వాళ్ళింట్లోనే, అమావాస్య నాడు రికార్డు చేశాం. మా వీధిలో మిగతా రోజుల్లో పొద్దుటి నుంచి చీకటిపడేదాకా మగ్గాల చప్పుడే. అమావాస్య నాడు ఎవరూ నేయరు.

యాదగిరి వాయింపులో ఒక అలవాటుంది. నాలుగు దెబ్బలు వాయించి, ఐదోదానికి ముందు రవ్వంత ఆగుతాడు. అది మగ్గం మీద వచ్చిన అలవాటు. ఇక్కత్‌లో పోగులకు రంగులు ముందే అద్ది ఉంటాయి. నాలుగు పోగులు నేశాక ఆగి, పువ్వు అంచులు కలిశాయో లేదో చూసుకుని, పోగును వేలితో జరపాలి. ఆ ఆగడం అతని చేతుల్లోకి దిగిపోయింది. తాళం తప్పకుండా ఉంటుందని నేను చెవిలో టిక్కు టిక్కుమనే యంత్రం పెడితే నవ్వాడు.

“ఏందిరా ఇది, గోడ గడియారం మింగినట్టున్నది.”

నాకు నవ్వు రాలేదు. బెంగళూరు వాళ్ళు వింటే మాకు తాళం రాదనుకుంటారని సిగ్గేసింది. నల్లగొండలో నా గదిలో కూర్చుని అతని భాగమంతా చెరిపేశాను. అదే వరస నేను వాయించి పెట్టాను, ఎక్కడా ఆగకుండా. అట్ట మీద గిటార్ పక్కన నా పేరే వేయించాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపాను, రికార్డు తయారుచేసే కంపెనీవాళ్ళు నీ భాగం వద్దన్నారని. అది అబద్ధం.

“సరే తియ్‌రా, పాటయితే వస్తాంది గదా,” అని జవాబు పెట్టాడు.

రికార్డు చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఐదో నెలలో హైవే మీద లారీ గుద్ది యాదగిరి చనిపోయాడు. దహనానికి వెళ్ళాను. వాళ్ళ నాన్న రాములు ముఖం వైపు చూడలేకపోయాను.

రికార్డుల పెట్టెలు వచ్చిన మధ్యాహ్నం ఒక కాపీ వేసి విన్నాను. నాలుగు దెబ్బలు పడ్డాయి. పాట ఆగింది. ఐదోది పడింది. మళ్ళీ నాలుగు, మళ్ళీ ఆగింది. గిటార్‌తో పాటు డ్రమ్ములూ ఆగాయి.

రికార్డు తిప్పే యంత్రం పాడైందనుకున్నాను. తిప్పి వేస్తే బెంగళూరు వాళ్ళ పాట సెకను తేడా లేకుండా ఉంది. ఇంకో కాపీ విప్పాను, అదీ అంతే. పాత రికార్డింగు పంపానేమో అనుకుందామంటే, అతని భాగం నేనే చెరిపేశాను, ఎక్కడా మిగల్లేదు. తయారుచేసినవాళ్ళను అడిగితే, వాళ్ళకు చేరిన ఫైలే తిరిగి పంపారు. అందులో ఉన్నది నా వాయింపే. ఎక్కడా ఆగదు. రికార్డు మీద మాత్రం పాట పదకొండు సెకన్లు ఎక్కువుంది.

రాములును నేను పెద్దబాపూ అంటాను. ఆయన మూడుసార్లు ఫోన్ చేశాడు.

“మావోని పాటొచ్చిందట గద బిడ్డా. అమాస నాడు తీస్కరా. మగ్గాల సప్పుడుండది, మంచిగ ఇనబడ్తది.”

ఇక తప్పక యంత్రంతో సహా తీసుకెళ్ళాను. మగ్గం గుంట అంచున కూర్చుని విన్నాడు. మొదటిసారి పాట ఆగగానే తలెత్తాడు. అయిపోయాక నా చెయ్యి పట్టుకున్నాడు.

“వాని చెయ్యి ఉంచినవ్ బిడ్డా. సల్లగుండు.”

నేను తలూపాను. అంతే. ఆ దీవెన తీసుకుని బస్సెక్కాను. యంత్రం, ఒక కాపీ ఆయన దగ్గరే వదిలేశాను. ప్రతి అమావాస్యకూ వేసుకుని వింటున్నాడని తెలిసింది. ఊళ్ళో ఎదురైనవాళ్ళు “శ్రీను మంచోడు, దోస్తును మర్వలే,” అంటుంటే ఇంకో సందులోంచి వెళ్ళిపోయేవాణ్ణి. రెండేళ్ళు అలాగే గడిపాను.

మొన్నటి అమావాస్యకు వెళ్ళి అంతా చెప్పేశాను. చెరిపింది, పేరు మార్చింది, అబద్ధం. తిడతాడనుకున్నాను. ఆయన బీడీ ఆర్పి పక్కన పెట్టాడు.

“తీసేసినవని నాకెరుకే. నువ్వు పంపిన మాట మావోడు నాకు గూడ ఇనిపించిండు. శ్రీనుగానికి అబద్ధమాడుడు రాదు బాపూ అని నవ్విండు.”

పక్కనున్న రికార్డు అట్టను నా పేరు కనబడకుండా తిప్పి పెట్టాను.

“పాట ఇన్నంక, తప్పు తెలుసుకొని నువ్వే మల్ల పెట్టించినవనుకున్న. గందుకే చెయ్యి పట్టుకున్న.” నా వైపు వంగాడు. “నువ్వు పెట్టకపోతే మరెవలు పెట్టిన్రు కొడకా?”

తెలియదన్నాను. ఆయన లేచి ముల్లు మళ్ళీ మొదటికి పెట్టాడు. వీధిలో ఒక్క మగ్గం ఆడటం లేదు. నాలుగు దెబ్బలు పడ్డాయి. పాట ఆగింది. మోకాలి మీదున్న ఆయన వేలు, అక్కడ లేని పోగును రవ్వంత పక్కకు జరిపింది. అప్పుడు ఐదో దెబ్బ పడింది.

మిగిలిన కాపీల అట్టల మీద ఇప్పుడు యాదగిరి పేరు చేత్తో రాస్తున్నాను. అమ్ముడైనవి నా పేరుతోనే ఎవరెవరి ఇళ్ళలోనో ఉన్నాయి. పేరంటే నేను తీశాను, నేనే పెడుతున్నాను. ఆ ఆగడం ఎవరు పెట్టారో ఇవాళ్టికీ చెప్పలేను.